ఇంజన్, గేర్‌బాక్స్ మార్చాక పాత అంబాసడర్ వణుకుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గరున్నది 1971 అంబాసడర్ మార్క్ టూ. మా మేనమామ గారి బండి. పాత 1489 సీసీ ఇంజన్ బోర్లు పూర్తిగా అరిగిపోయాక, తుక్కుకు వెళ్తున్న ఒక 1800 ఐఎస్‌జెడ్ అంబాసడర్ నుంచి ఇసుజు ఇంజన్, దాని ఐదు గేర్ల బాక్సు తీసి ఇందులో పెట్టించాను. స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డు పోయి ఫ్లోర్ మీదికి వచ్చింది. బండికి ఊపిరి వచ్చింది, దాంతోపాటు వణుకూ వచ్చింది. ఆ వణుకు పోగొట్టడానికి దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత ఇలాంటి పని చేయించుకున్నవాళ్ళు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు ఇక్కడ పెడుతున్నాను. వెనక చక్రాలు లాగే పాత బండి ఏదైనా, పద్మినీ అయినా జీపు అయినా, చాలావరకు ఇదే లెక్క.

పాత ఇంజన్‌తో లేని వణుకు ఇప్పుడెందుకు వచ్చింది? వేసిన సామాను మంచిదే కదా?

సామాను మంచిదే కావచ్చు. ఇంజన్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడవాటి గొట్టం), వెనక యాక్సిల్ అన్నీ విడివిడిగా బాగుండి, కలిపితే వణికే బండ్లు చాలా ఉన్నాయి. కంపెనీవాళ్ళు బండి తయారుచేసినప్పుడు గేర్‌బాక్స్ ఎంత వాలుగా కూర్చోవాలి, యాక్సిల్ ముక్కు (షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పినియన్ అంటారు) ఎటు చూడాలి, షాఫ్ట్ పొడవెంత అన్నవి ఒకదానికొకటి లెక్క చూసి పెట్టారు. మనం గేర్‌బాక్స్ మార్చిన రోజే ఆ లెక్క చెరిగిపోయింది. కొత్త లెక్క ఎవరూ వెయ్యలేదు. మెకానిక్ బోల్టులు పట్టేలా చేశాడు, అంతే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పాత ఇంజన్‌తో 70 దాటడానికి మనసొప్పేది కాదు. ఇప్పుడు ఐదో గేరులో 90 కూడా హాయిగా అనిపిస్తుంది. ఇంజన్‌కి హాయి, షాఫ్ట్‌కి కాదు. షాఫ్ట్ ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించేది వెనక యాక్సిల్ నిష్పత్తి (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ తిరిగే చుట్లు), టైరు సైజు. ఆ రెండూ పాతవే. అంటే ఈ యాభై ఏళ్ళలో ఎప్పుడూ తిరగనంత వేగంతో అది మొదటిసారి తిరుగుతోంది. ఎప్పటి నుంచో ఉన్న చిన్న లోపం ఇప్పుడు బయటపడి ఉండవచ్చు.

ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించమంటున్నారు. చేయించాలా?

ఒక్కసారి చేయించండి. నేను మూడుసార్లు చేయించాను, అది తెలివితక్కువ పని. రిమ్ముల లోపలి బురద గోకించండి. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండి అయితే టైరు అడుగు చదునై ఉంటుంది. పాతరకం నైలాన్ టైర్లకు ఇది మరీ ఎక్కువ, పది పదిహేను కిలోమీటర్లు వేడెక్కాక తగ్గుతుంది. స్టీరింగ్ చేతిలో ఊగితే ముందు చక్రాలను అనుమానించండి. సీటు కింద, ఫ్లోర్‌లో తెలిస్తే ఇక టైర్ల షాపు చుట్టూ తిరగడం మానండి.

వణుకు ఇంజన్‌దా, షాఫ్ట్‌దా, చక్రాలదా? స్పానర్ పట్టకుండా తెలుసుకునే దారి ఉందా?

ఉంది. అసలు పనంతా ఇక్కడే ఉంది. ఇది తేల్చుకోకుండా ఒక్కో పార్టు మార్చుకుంటూ పోవడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఖాళీ రోడ్డు చూసుకోండి. నేను తెల్లవారుజామున గన్నవరం దాటాక హైవే మీద చేసేవాణ్ణి. వణుకు బాగా తెలిసే వేగం దగ్గర స్పీడోమీటర్ ముల్లు నిలపండి. నాకు అది 55 నుంచి 65 మధ్య. అదే వేగంలో మూడో గేరు, నాలుగో గేరు, ఐదో గేరు మార్చి చూడండి. ఏ గేరులోనైనా అదే వేగం దగ్గర అదే వణుకు వస్తే, అది గేర్‌బాక్స్ తర్వాత తిరిగే వస్తువుది: షాఫ్ట్, యాక్సిల్, చక్రాలు. గేరు మారిస్తే వణుకు కూడా ఇంకో వేగానికి జరిగితే అది ఇంజన్, ఫ్లైవీల్, క్లచ్ వైపుది.

ఇక్కడో తిరకాసు. నాలుగో గేరు డైరెక్ట్ గేరు. అందులో ఇంజన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ సహజంగానే చుట్టుకు రెండుసార్లు కొడుతుంది. కోణం తప్పిన జాయింట్ క్రాస్ (షాఫ్ట్ రెండు చివరలా వంగి తిరగనిచ్చే కూడలి ముక్క) కూడా చుట్టుకు రెండుసార్లే కొడుతుంది. నాలుగో గేరులో ఈ రెండూ కవలల్లా ఉంటాయి, ఎవరు ఎవరో చెప్పలేం. అందుకే మూడులో, ఐదులో చూడమంటున్నాను.

తర్వాత అదే వేగంలో న్యూట్రల్‌కి తెచ్చి బండిని వదిలెయ్యండి. ఇంజన్ ఆపొద్దు, స్టీరింగ్ లాక్ పడే బండ్లు ఉంటాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కూడా వణుకు అలాగే ఉంటే, ఇంజన్ నిర్దోషి.

వణుకును చేత్తో, చెవితో గుర్తుపట్టే వీలుందా?

కొంతవరకు. లెక్క ఇలా వేసుకోండి. టైరు మీద, నేల మీద సుద్దతో గీత గీసి, బండిని ఒక చుట్టు దొర్లించి కొలవండి. నా బండికి దాదాపు 2 మీటర్లు. యాక్సిల్ నిష్పత్తి కోసం గేరు న్యూట్రల్‌లో ఉంచి, నేల మీదున్న మూడు చక్రాలకూ అడ్డం పెట్టి, ఒక వెనక చక్రాన్ని మాత్రమే లేపి చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆలోగా షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. ఒక చుట్టు తిప్పి లెక్కపెడితే సగమే వస్తుంది, ఎందుకంటే రెండో చక్రం నేల మీద ఆగి ఉంది. నాకు నాలుగున్నరకు దగ్గరగా వచ్చింది.

60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1000 మీటర్లు. చక్రం నిమిషానికి 500 చుట్లు, అంటే సెకనుకు ఎనిమిది పైచిలుకు. షాఫ్ట్ 2250 చుట్లు, సెకనుకు 37 లేదా 38. క్రాస్ కోణం తప్పు అయితే దానికి రెట్టింపు, సెకనుకు 75.

చక్రం వణుకు దడదడమని ఉంటుంది, సీటు కదిలినట్టు తెలుస్తుంది. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే జుమ్మని అరికాళ్ళలో తిమ్మిరిలా పాకుతుంది, అద్దంలో వెనక బండి మసకబారుతుంది. కోణం తప్పితే ఒంటికి తెలిసేదానికంటే చెవికి ఎక్కువ తెలుస్తుంది: గుమ్మ్ మనే బరువైన మోత, డప్పు లోపల కూర్చున్నట్టు.

ఫోనుతో కొలవచ్చా?

భేషుగ్గా. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఫైఫాక్స్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఫోనులోని యాక్సిలరోమీటర్‌తో వణుకులో ఏ హెర్ట్జ్ దగ్గర బలం ఉందో గీత గీసి చూపిస్తుంది. ఫోనును డబుల్ టేపుతో ముందు సీట్ల మధ్య ఫ్లోర్ ఇనుముకు అతికించండి, కార్పెట్ మీద కాదు. పక్కన ఇంకొకరు కూర్చుని చూడాలి, నడిపేవాళ్ళు చూడకూడదు. సెకనుకు 200 సార్లు కొలిచే ఫోను 100 హెర్ట్జ్ దాకానే నమ్మదగ్గది. కాబట్టి పరీక్ష 60 దగ్గరే పెట్టుకోండి. ఆ వేగంలో 8 దగ్గర శిఖరం వస్తే చక్రం, 37 దగ్గర వస్తే షాఫ్ట్ బ్యాలెన్స్ లేదా వంకర, 75 దగ్గర వస్తే కోణాలు. నాకు 75 దగ్గర తాటిచెట్టంత శిఖరం వచ్చింది. అప్పటికే బ్యాలెన్సింగ్‌కి, కొత్త క్రాసులకి డబ్బు వదిలించుకుని ఉన్నాను.

షాఫ్ట్ కోయించి వెల్డింగ్ చేయించాను. అందులో ఏం తప్పు జరిగి ఉండొచ్చు?

మొదట చూడాల్సింది ఫేజు. షాఫ్ట్‌కి రెండు చివరలా ఉన్న యోకుల (క్రాస్‌ని పట్టుకునే ముక్కలు) చెవులు ఒకే సమతలంలో ఉండాలి. చదునైన బండ మీద షాఫ్ట్ పెట్టి ఒక చివర చెవులు అడ్డంగా వచ్చేలా తిప్పితే, రెండో చివరవి కూడా అడ్డంగానే ఉండాలి. వెల్డింగ్‌లో కొద్దిగా తిరిగినా, విడదీసి బిగించేటప్పుడు స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి జారే పళ్ళ భాగం) ఒక్క పన్ను పక్కకు పడినా, ఒక క్రాస్ చేసిన తప్పును రెండోది దిద్దలేదు. చాలా పాత షాఫ్టుల మీద బాణం గుర్తులుంటాయి. గ్రీజు తుడిచి చూడండి. లేకపోతే విప్పేముందు మీరే పంచ్‌తో గుర్తు కొట్టండి.

రెండోది వంకర. లేత్ మీద రెండు చివరలూ పట్టించి నడిమధ్య డయల్ గేజ్ పెట్టి తిప్పమనండి. ముల్లు అర మిల్లీమీటరు దాటి ఆడితే దాన్ని బ్యాలెన్స్ చేయించడం దండగ, ముందు సరిచెయ్యాలి. బరువు బిళ్ళలు వేసి వంకర షాఫ్ట్‌ని ఒప్పించాలని చూసే షాపులున్నాయి. అటువంటి షాపులోంచి షాఫ్ట్ పట్టుకుని బయటికి నడవండి.

మూడోది స్లిప్ జాయింట్ (యోకు గేర్‌బాక్స్‌లోకి ముందుకూ వెనక్కీ జారే చోటు) లోతు. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు యోకు ఇంకా రెండు, రెండున్నర సెంటీమీటర్లు లోపలికి వెళ్ళే చోటుండాలి. లేకపోతే గతుకులో షాఫ్ట్ వెళ్ళి గేర్‌బాక్స్‌ని కుమ్ముతుంది. మరీ బయటికి ఉన్నా తంటానే, స్ప్లైన్ కొద్దిగానే పట్టుకుని ఊగుతుంది.

కోణాలు అంటున్నారు. అసలు కోణానికీ వణుకుకీ సంబంధమేమిటి?

డిప్లొమా చదివినవాళ్ళకు హుక్ జాయింట్ గుర్తుండే ఉంటుంది, మన క్రాస్ ఉన్న జాయింటే అది. క్రాస్ వంగి తిరిగేటప్పుడు ఇటువైపు వేగం నిలకడగా ఉన్నా, అటువైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల వంపులో ఆ తేడా వందకు 0.14 పాళ్ళే. 10 డిగ్రీలకు ఒకటిన్నర పాళ్ళు. కోణం రెట్టింపైతే తేడా నాలుగింతలు. షాఫ్ట్ వేగం రెట్టింపైతే ఆ కుదుపు బలం కూడా నాలుగింతలే.

దీనికి మందు రెండో క్రాస్. అది కూడా అంతే కోణంలో వంగి ఉంటే, మొదటిది చేసిన హెచ్చుతగ్గుల్ని తిరగేసి చదును చేస్తుంది. అంటే గేర్‌బాక్స్ గీత, పినియన్ గీత దాదాపు సమాంతరంగా ఉండాలి, షాఫ్ట్ వాటి మధ్య కొద్దిగా వాలి ఉండాలి. సమాంతరంగా పెట్టడంలో ఇంకో సుఖం ఉంది. వెనక నలుగురు కూర్చుంటే కమాన్ కట్టలు కుంగి షాఫ్ట్ వాలు మారుతుంది. అప్పుడు రెండు కోణాలూ ఒకేలా మారతాయి, లెక్క చెడదు.

నేను గుర్తుపెట్టుకునే అంకెలు ఇవి: ఒక్కో క్రాస్ కోణం 1 నుంచి 3 డిగ్రీలు, రెండింటికీ మధ్య తేడా 1 లోపు. సున్నా కూడా మంచిది కాదు. క్రాస్ కప్పులోని సూది రోలర్లు కదలక ఒకే చోట నొక్కుకుని గాట్లు పెడతాయి. పై నుంచి చూసినప్పుడు ఇంజన్ ఒక పక్కకు జరిగి కూర్చుంటే ఆ కోణం కూడా కలుస్తుంది. దాన్ని కొలవడం మర్చిపోవద్దు.

ఎలా కొలవాలి?

పిట్ ఉన్న షెడ్డు వెతకండి. బండి బరువు నాలుగు చక్రాల మీదా ఉండాలి. జాకీ మీద యాక్సిల్ వేలాడుతుండగా కొలిచిన అంకెలు చెత్తబుట్టలోకే. అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ చాలు. గేర్‌బాక్స్ వెనక చెక్కిన ముఖం మీద ఒకటి, షాఫ్ట్ గొట్టం మీద ఒకటి, పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే బిళ్ళ) మీద ఒకటి. నిలువు ముఖం మీద కొలిస్తే 90 లోంచి తీసివెయ్యాలి. ఏది ఎటు వాలిందో బొమ్మ గీసుకోండి. అంకెలు సరిగ్గా రాసుకుని దిక్కు తప్పు రాసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా బండి అంకెలు: గేర్‌బాక్స్ వెనక్కి 5 డిగ్రీలు వాలింది, షాఫ్ట్ 2 వాలింది, పినియన్ 1 మాత్రమే. అంటే ముందు క్రాస్ 3 డిగ్రీలు, వెనక క్రాస్ 1. తేడా 2. ఇంజన్ పెట్టినవాళ్ళు ఫ్లోర్ ఎక్కువ కోయకుండా ఉండటానికి గేర్‌బాక్స్ తోకను కిందికి దించేశారు. ఎనిమిది నెలల టెన్షన్‌కి కారణం అదే.

మరి ఎలా సరిచేశారు?

గేర్‌బాక్స్‌ని మోసే అడ్డపట్టీకీ (క్రాస్ మెంబర్) రబ్బరుకీ మధ్య 12 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు. తోక లేచి గేర్‌బాక్స్ 5 నుంచి 4 దగ్గరికి వచ్చింది, షాఫ్ట్ వాలు రెండున్నర అయింది. తర్వాత కమాన్ కట్టలకూ యాక్సిల్‌కూ మధ్య రెండున్నర డిగ్రీల వెడ్జ్ ప్లేట్లు. పినియన్ మూడున్నరకు వచ్చింది. ఇప్పుడు ముందు ఒకటిన్నర, వెనక 1.

వెనకది కావాలనే కొంచెం తక్కువ పెట్టాను. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కట్టలు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు అర డిగ్రీ, ఒక డిగ్రీ కిందికి ఉంటే, నడిచేటప్పుడు సమానానికి వస్తుంది.

వెడ్జ్ ఎవరైనా టర్నర్ చేసిస్తాడు. 100 మిల్లీమీటర్ల పొడవు ముక్కకు రెండున్నర డిగ్రీలంటే రెండు చివరల మందంలో తేడా దాదాపు 4.4 మిల్లీమీటర్లు. ఇనుముతోనే చేయించండి, అల్యూమినియం నలుగుతుంది. మందం ఎటు ఉండాలన్నది యాక్సిల్ కట్టల పైనుందా కిందుందా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఎటు పెడితే ముక్కు ఎటు కదులుతుందో బిగించేముందు ఒకసారి వేలితో గాల్లో బొమ్మ గీసుకుంటే చాలు. యాక్సిల్‌ని కట్టలకు బిగించే యూ బోల్టుల పొడవు సరిపోతుందో చూసుకుని, ఓ వంద రెండొందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించండి.

యాక్సిలరేటర్ తొక్కితేనే వణుకు, వదిలితే ఉండదు. అంటే?

పినియన్ ముక్కు లేస్తోంది. కట్టలు అలసిపోయాయి, లేదా యూ బోల్టులు వదులయ్యాయి, లేదా సెంటర్ బోల్టు తెగింది. దీనికి తిరగబడి, వదిలితేనే మోత వస్తుంటే పినియన్ బేరింగ్ ఆట చూడండి. ఫ్లాంజ్ పట్టుకుని పైకీ కిందికీ లాగితే కదలకూడదు. క్లచ్ వదలగానే టక్ మంటే క్రాస్ గానీ స్ప్లైన్ గానీ అరిగింది.

కోణాలు సరిచేశాక 60 దగ్గర పోయింది, ఇప్పుడు 85 దగ్గర కొత్తది మొదలైంది!

కొత్తది కాదు, వెనక దాక్కున్నది. నాకూ ఇదే జరిగింది. పెద్ద మోత పోయాక చిన్నది వినబడింది. ఫోను ఈసారి 53 హెర్ట్జ్ చూపించింది. ఆ వేగంలో షాఫ్ట్ సెకనుకు తిరిగే చుట్లు సరిగ్గా అవే. అంటే బ్యాలెన్స్.

ముందు ఖర్చులేని పని: వెనక ఫ్లాంజ్ నాలుగు బోల్టులు విప్పి షాఫ్ట్‌ని అర చుట్టు తిప్పి బిగించండి. ఫ్లాంజ్ తప్పు, షాఫ్ట్ తప్పు ఒకే వైపు పోగుపడి ఉంటే ఇప్పుడు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. తగ్గకపోతే రేడియేటర్ గొట్టాలకు వాడే హోస్ క్లిప్పు ఒకటి షాఫ్ట్ వెనక చివర బిగించి, దాని స్క్రూ తలను నాలుగు దిక్కుల్లో ఒక్కోసారి పెట్టి నడిపి చూడండి. ఒక దిక్కులో తగ్గి, ఎదురు దిక్కులో పెరిగితే రోగం దొరికినట్టే. నేను అంతవరకు చూసుకుని, విజయవాడ ఆటోనగర్‌లో లారీ షాఫ్టులు చేసే చోట మెషిన్ మీద బ్యాలెన్స్ చేయించాను. చేయించేటప్పుడు మీ బండిలో వేసే క్రాసులతో సహా ఇవ్వండి. తర్వాత క్రాసులు మారిస్తే ఆ బ్యాలెన్స్‌కి అర్థం లేదు.

నా గేర్‌బాక్స్ చిన్నది, షాఫ్ట్ పొడవు పెంచాల్సి వచ్చింది. పర్వాలేదా?

లెక్క చూసుకోండి. పొడవాటి షాఫ్ట్ ఒక వేగం దగ్గర తాడాటలో తాడులా మధ్యలో విల్లులా వంగుతుంది. ఆ వేగం పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పొడవు పదోవంతు పెంచితే హద్దు ఆరోవంతు పైగా పడిపోతుంది. ఉదాహరణకు 1.4 మీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప గొట్టానికి హద్దు నిమిషానికి దాదాపు 4150 చుట్లు. అందులో ముప్పాతిక వరకే, అంటే 3100 దాకానే వాడాలి. నా నిష్పత్తితో 80 వేగానికే షాఫ్ట్ 3000 చుట్లు తిరుగుతుంది! అదే 75 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే హద్దు 6300 దాకా వెళ్తుంది. గొట్టం లావు పెంచండి. చోటు లేకపోతే రెండు ముక్కల షాఫ్ట్, మధ్యలో సెంటర్ బేరింగ్. ఈ వణుకును మాత్రం భరిస్తూ నడపొద్దు. షాఫ్ట్ తెగి ముందు చివర రోడ్డుకు గుచ్చుకుంటే బండి గాల్లోకి లేస్తుంది.

నిలబడి ఉండగానే, రేస్ చేస్తే వణుకుతోంది.

షాఫ్ట్ జోలికి పోకండి. ఇంజన్ కూర్చునే ఫౌండేషన్ రబ్బర్లు, సైలెన్సర్ గొట్టం ఫ్లోర్‌కి తగలడం, క్లచ్ ప్లేటు అమరిక చూడండి. వేరే కంపెనీ గేర్‌బాక్స్‌ని అడాప్టర్ ప్లేటుతో కలిపితే అసలు అనుమానం ఆ ప్లేటే. ఫ్లైవీల్‌కి డయల్ గేజ్ బిగించి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే డొప్ప) రంధ్రం చుట్టూ తిప్పి చూస్తే ముల్లు పావు మిల్లీమీటరు లోపే ఆడాలి.

జాకీ మీద లేపి, గేరు వేసి, కింద పడుకుని చూడొచ్చా?

వద్దు. ఒక్క వెనక చక్రం నేలను తాకినా బండి దూకుతుంది. పైగా యాక్సిల్ వేలాడుతుంటే కోణాలు మారి లేని వణుకు కూడా వస్తుంది. ప్రాణం పణంగా పెట్టి తప్పు సమాధానం తెచ్చుకోవడమెందుకు?

ఇంజన్ మార్పు కాగితాల్లో ఎక్కించాలా? వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?

ఎక్కించాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కింద మార్పుకు ఆర్టీఓ అనుమతి, ఆర్‌సీలో నమోదు ఉండాలి. తుక్కు బండి ఇంజన్ అయితే దాని బిల్లు జాగ్రత్త. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు. ఇంజన్ మార్చిన మన బండ్లు అందులోకి రావు. నా పాత ఇంజన్‌ని గ్రీజు పూసి గోనెపట్టాలో చుట్టి మేడ మెట్ల కింద పెట్టాను. మా ఆవిడ దాన్ని ఎప్పుడు తీస్తారని అడుగుతూనే ఉంది.

చివరికి ఎంత వణుకు మిగిలితే సరిపెట్టుకోవాలి?

డాష్‌బోర్డు మీద స్టీలు గ్లాసులో సగం నీళ్ళు పెట్టి 80లో వెళ్తే ఇప్పుడు పైన సన్నటి ముడతలే కనిపిస్తాయి. ఒకప్పుడు గ్లాసే నడిచి వెళ్ళిపోయేది. టోర్షన్ బార్లూ కమాన్ కట్టలూ ఉన్న బండి ఇంతకంటే నిశ్చలంగా ఉండాలని నేనైతే కోరుకోను. వెనక సీట్లో మా అత్తయ్య నిద్రపోతోంది.